విప్పిన దారానికి కూలెవరిస్తారు

ఇద్దరూ అల్లేవాళ్లే. మేనత్త నరసాపురం దగ్గర పల్లెలో పుట్టి, గౌన్లు వేసుకునే వయసు నుంచే ఎగుమతి లేసు అల్లి, పంట్లెక్కి గోదావరి పాయలు దాటి ద్రాక్షారామం కాపురానికొచ్చిన మనిషి. మేనకోడలు డిజైను చదువు చదివి, ఎక్కడో జరిగిన ప్రయోగాత్మక అల్లికల శిబిరానికి వెళ్లొచ్చి, అలాంటిదే ద్రాక్షారామంలో పెడతానంటోంది. అందులో అత్త కూర్చోవాలని ఆ పిల్ల పట్టు. ఇద్దరూ నా కల్పనే. తగువును మాత్రం కల్పించనక్కర్లేకపోయింది. గోదావరి లేసుకి 180 ఏళ్ల చరిత్ర ఉంది, దాన్ని కాస్త కదిపితే ఆ తగువే బయటపడుతుంది. మధ్యలో నేను నోరు పెట్టినచోట బ్రాకెట్లు ఉంటాయి.

అత్త: ఏం నేర్పుతారే అందులో?

మేనకోడలు: ఏమీ నేర్పరు అత్తా, అసలు సంగతి అదే. పొద్దున్నే ఒక్కొక్కరికీ ఒక్కో దారం ఇస్తారు. దారమంటే నూలు దారమే కాదు. కొబ్బరి పీచు తాడు, వలలకి వాడే నైలాను, పాత చీరలు చింపిన పేలికలు, పాల పాకెట్లు కత్తిరించిన పట్టీలు, మోటార్లకి చుట్టే రాగి తీగ. కొందరు రెండు సూదులతో అల్లుతారు, కొందరు కొక్కెంతో, కొందరు సూదే లేకుండా ముంజేతుల మీద. గవ్వలు విసిరి, ఎన్ని వెల్లకిలా పడితే ఆ వరసలో అన్ని కళ్లు పెంచాలి. కొన్ని వరసలు అల్లాక పక్క మనిషికి ఇచ్చెయ్యాలి. ఏమవుతుందో ఎవరికీ తెలియదు.

అత్త: చివరికి ఏమయ్యాయి మరి?

మేనకోడలు: ఒకటి చెవిలా వచ్చింది. ఒకటి పీత డిప్పలా ఉంది. మిగతావాటికి పేర్లు లేవు.

అత్త: ఎవరన్నా కొన్నారా?

మేనకోడలు: అమ్మడానికి కాదు.

అత్త: విప్పి దారం వెనక్కి చుట్టారా?

మేనకోడలు: విప్పకూడదని నియమం. తప్పు పడితే ఆ తప్పు మీదే ముందుకెళ్లాలి.

అత్త: సరే, అంటే దారం పోయింది, రోజులు పోయాయి, చెవి మిగిలింది. ఫీజు కూడా కట్టావా?

మేనకోడలు: కట్టాను.

అత్త: మా అమ్మ వింటే పడీపడీ నవ్వేది. ఏజెంటు దారం ఇచ్చి, నమూనా బిళ్ల ఒకటి చేతిలో పెట్టి, ఇలాంటివి ఇన్ని కావాలి, ఫలానా రోజుకి కావాలి అనేవాడు. మేం ఆ బిళ్లని వెలుతురుకి పట్టుకుని కళ్లు లెక్కపెట్టుకునేవాళ్లం. కాగితం లేదు, బొమ్మ లేదు. ఒక వరస తగ్గితే బిళ్ల చిన్నదయ్యేది. చిన్నదయితే అతుకుపనిలో పక్కదానితో కుదరదు. కుదరకపోతే వెనక్కొస్తది. వెనక్కొస్తే విప్పాలి, మళ్లీ అల్లాలి. ఆ రెండోసారి అల్లినదానికి పైసా ఎవడూ ఇవ్వడు. నువ్వేమో తప్పు చేయడానికి డబ్బు కట్టి వెళ్లావు.

మేనకోడలు: నీకెప్పుడూ తప్పు చేసే వీలు ఇవ్వలేదు కాబట్టే రమ్మంటున్నాను.

అత్త: వీలు ఇస్తే నేను నిద్రపోతాను, తప్పులెందుకు చేస్తాను?

(ఆ మాటకి మేనకోడలి దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. నమూనా మాత్రమే చూసి లెక్కపట్టడం అనే విద్యను అత్త ఎంత మామూలుగా చెప్పేసిందో గమనించండి. దాన్నే ఎవరైనా వేదిక ఎక్కి చెబితే పెద్ద పాండిత్యం అంటారు.)

మేనకోడలు: పోనీ, ఒక కథ చెబుతాను, విను. గుండ్రటి బిళ్ల చదునుగా రావాలంటే ఏం చేస్తావు?

అత్త: ఆరు కళ్లతో మొదలెడితే వరసకి ఆరు చొప్పున పెంచుకుంటూ పోవాలి. తగ్గిస్తే అంచు లేచి గిన్నె అవుద్ది. ఎక్కువేస్తే కుచ్చిళ్లు పడతది. పిల్లలకి మొదట చెప్పేది అదే కదా.

మేనకోడలు: ఆ కుచ్చిళ్ల మీదే కథ. యూక్లిడ్ జ్యామితిలో ఒక గీత పక్కనున్న బిందువు గుండా దానికి సమాంతరంగా ఒకే గీత పోతుంది. అలా కాని తలాలు కూడా ఉంటాయని బోయాయి, లోబచెవ్‌స్కీ అనే ఇద్దరు 1820, 1830ల్లో చెప్పారు. కాగితం మీద లెక్క ఉంది, చేత్తో పట్టుకుని చూద్దామంటే వస్తువు లేదు. కాగితం పట్టీలు అంటించి చేసిన నమూనాలుంటే అవి చిరిగిపోయేవి. 1997లో డైనా తైమిన్యా అనే ఆవిడ, లాత్వియా మనిషి, అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో లెక్కలు చెప్పేది, కొక్కెం సూది తీసుకుని అల్లి చూపించింది. ఇన్ని కళ్లకి ఒక కన్ను చొప్పున పెంచుతూ పోతే వచ్చే ఆ కుచ్చిళ్లే ఆ తలం. ముందు రెండు సూదులతో ప్రయత్నించిందట. కళ్లన్నీ సూది మీదే ఉండాలి కదా, పెరిగే కొద్దీ సూది పట్టలేదు. అందుకని కొక్కేనికి మారింది. కొక్కెంలో బతికున్న కన్ను ఎప్పుడూ ఒక్కటే.

అత్త: ఒక్కటే. అందుకే మధ్యలో పిల్లాడు ఏడిస్తే అలా పడేసి లేవగలం. రెండు సూదుల పని అలా కాదు. ఒక కన్ను జారితే కిందిదాకా నిచ్చెన పడిపోద్ది. బడిలో కుట్లు అల్లికల క్లాసులో ఉన్నితో స్వెట్టరు అల్లించారు. మన ఎండలకి దాన్ని తొడుక్కున్నవాడు లేడు. ఇంతకీ ఆవిడ ఎంత పెంచింది?

మేనకోడలు: రకరకాలుగా చేసి చూసింది. ఊరికే లెక్కకి, ప్రతి కన్నునీ రెండు చేస్తూ పోయావనుకో.

అత్త: ఆరు, పన్నెండు, ఇరవై నాలుగు, నలభై ఎనిమిది... అబ్బో.

మేనకోడలు: నీ చదును బిళ్లకి 11వ వరసలో 66 కళ్లు. దీనికి 6,144.

అత్త: దారం మొత్తం ఆ చివరి వరసలే తినేస్తాయి. ఆవిడ లెక్కల పంతులమ్మ, జీతం వస్తది, అల్లింది. నేను అదే కుచ్చిళ్లు తెస్తే ఏజెంటు ఏమనేవాడో తెలుసా? నీళ్లు తాగి రా అనేవాడు.

మేనకోడలు: అదేనత్తా! వందేళ్లకు పైగా పెద్ద పెద్ద గణితజ్ఞులు చేత్తో పట్టుకోలేని వస్తువు నరసాపురంలో ఎన్ని వందలసార్లు తయారై ఉంటుందో, తప్పని విప్పేశారు. దాన్ని ఆపి చూసే వ్యవధి మీకు దొరికుంటే?

అత్త: దొరికినా దాని పేరు మాకు తెలియదుగా. ఆవిడకి తెలుసు కాబట్టి అది లెక్క అయింది. మా చేతిలో అది కుచ్చిళ్లే.

(అత్త ఇక్కడ తన పక్షం వదిలి మేనకోడలి పక్షానికి వచ్చేసింది, ఆవిడే గమనించలేదు. చూడటానికి ముందే చదువు కావాలంటే శిబిరం కావాలన్నట్టే.)

మేనకోడలు: ఇంకొకటి. ఆవిడ పని చూసి, ఆస్ట్రేలియాలో పుట్టి లాస్ ఏంజిల్స్‌లో ఉండే కవల అక్కచెల్లెళ్లు, మార్గరెట్ వర్థైమ్, క్రిస్టీన్ వర్థైమ్, 2005లో పగడపు దిబ్బని అల్లడం మొదలెట్టారు. సముద్రం వేడెక్కి పగడాలు తెల్లబడి చచ్చిపోతున్నాయి కదా, దానికి నిరసనగా. పగడాలు, సముద్రపు పాచి, ఆకుకూరల అంచులు అన్నీ ఆ కుచ్చిళ్ల జ్యామితే. తరవాత ఊరూరా ఆడవాళ్లు తమ తమ దిబ్బలు అల్లారు, వేలమంది. నూలూ, ప్లాస్టిక్కూ, చేతికి దొరికిందల్లా. వెనిస్‌లో జరిగే పెద్ద కళా ప్రదర్శనలో 2019లో పెట్టారు. అల్లిన అందరి పేర్లూ రాస్తారు. నరసాపురం లేసు ఎన్ని దేశాల్లో ఎన్ని బల్లల మీద పరిచి ఉంది? ఒక్కదాని మీదైనా మీ పేరుందా?

అత్త: ఎంతెంత ఇచ్చారు?

మేనకోడలు: ఎవరికి?

అత్త: ఆ వేలమందికి.

మేనకోడలు: డబ్బులివ్వరు. ఇష్టపడి వచ్చినవాళ్లు.

అత్త: చూశావా. వాళ్లకి పేరిచ్చి కూలి ఎగ్గొట్టారు. మాకు కూలిచ్చి పేరు ఎగ్గొట్టారు, ఆ కూలి కూడా ఏపాటిదో మాకు తెలుసు. రెండూ ఇచ్చే చోటుంటే చెప్పు, పంటు దాటి మరీ వస్తాను.

మేనకోడలు: వాళ్లు బతుకుతెరువు కోసం అల్లలేదత్తా, రెండూ ఒకటే ఎలా అవుతాయి? ఎగ్గొట్టడం అనకు.

అత్త: తీరిక ఉన్నవాళ్లు అల్లారంటావు. మా గురించీ అదే అనేవారుగా.

(ఇక్కడ ఆగాలి. 1844లో, ధవళేశ్వరం ఆనకట్ట ఇంకా కట్టకముందు, మిషనరీల ద్వారా ఈ విద్య నరసాపురం ప్రాంతానికి వచ్చిందంటారు. 1899 కరువునీ 1929 ఆర్థిక మాంద్యాన్నీ దాటుకుని నిలబడింది. జర్మనీ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివర్లో ఇక్కడికొచ్చి, ఈ ఆడవాళ్ల మధ్య తిరిగి, ‘ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ పుస్తకాన్ని 1982లో ప్రచురించింది. అందులో ఆమె పట్టుకున్నది అత్త ఇప్పుడన్న మాటనే. వ్యాపారులు వీళ్లని కూలీలు అనలేదు, గృహిణులు అన్నారు. ఇంటిపని అయ్యాక ఊసుపోక అల్లుకుంటారు అన్నారు. ఊసుపోక చేసే పనికి కూలి లెక్క ఉండదు, సంఘం ఉండదు, చట్టం ఉండదు. గంటలు లెక్కేస్తే అది నిండు పనిదినం. పొలంలో నాట్లు వేసే ఆడకూలీ సంపాదన అంతకంటే మెరుగ్గా ఉండేది. అయినా గడప దాటకుండా సంపాదించడమే పరువు అని చాలా కాపు కుటుంబాలు లేసునే పట్టుకున్నాయి. చేతిపని ఒకరిది, అతుకుపని ఒకరిది, కాజాకట్టు ఇంకొకరిది. మొత్తం వస్తువు ఎక్కడికి పోతుందో ఎంతకి పోతుందో ఎవరికీ తెలియదు. తెలిసినవాళ్లు మగవాళ్లు. ప్రయోగాత్మక శిబిరాల్లో కూడా ఇష్టం, ఆనందం, తీరిక అనే మాటలు చాలా వినపడతాయి. మీస్ చదివినవాళ్లకి ఆ మాటలు వింటే కాస్త భయం వేయాలి.)

మేనకోడలు: సరే, కూలి మాట తరవాత. ముందు బతుకు మాట. మీరు అల్లే బల్లగుడ్డల నమూనాలు ఎంత పాతవి? బల్ల మీద, కుర్చీ వీపు మీద, టీవీ మీద పరుచుకునే రోజులు పోయాయి. బజారులో మిషను లేసు మీటర్ల లెక్కన దొరుకుతుంది. దూరం నుంచి చూస్తే రెండూ ఒకటే. విలియం లీ అనే ఇంగ్లీషు పాదిరి 1589లోనే రెండు సూదుల అల్లికకి మిషను కనిపెట్టాడు. కొక్కెం అల్లికని పట్టుకోవడం మాత్రం మిషనుకి ఇప్పటికీ చాలా కష్టం. ఆ ఒక్క బలం మీకుంది. మీరేమో మిషను పోలిక తేగలిగిన చదును పూలే అల్లుతున్నారు. ఉబ్బినవి, మెలికలు తిరిగినవి, లోపలికి ముడుచుకున్నవి అల్లితే మిషను దగ్గరికి రాలేదు. ప్రయోగం షోకు కాదత్తా, ప్రాణం కాపాడుకోవడం.

అత్త: ఇది మాట. ఈ మాట ముందే చెప్పాల్సింది.

మేనకోడలు: ఒప్పుకున్నట్టేనా?

అత్త: ఆగు. నీ చెవి ఉంది కదా, అది ఎవడో దొరగారికి నచ్చిందనుకో. ఏమంటాడు? ఇలాంటివి 500 కావాలి, అన్నీ ఇదే కొలతలో ఉండాలి, వచ్చే నెలాఖరుకి కావాలి అంటాడు. ఆ 500 చెవులు ఎవరు అల్లుతారు? నువ్వా? మేమే. అప్పుడు ఆ చెవి మాకు నమూనా. అల్లకంలో ఒక కన్ను అటూ ఇటూ అయితే వెనక్కొస్తది. మొదటిది అల్లిన నీది ప్రయోగం, మిగతా 499 మా పని.

మేనకోడలు: ...

అత్త: ఏం, మాట్లాడవేం?

మేనకోడలు: ఆలోచిస్తున్నా. అందుకే నిన్ను రమ్మంటున్నా. మొదటిది నువ్వే అల్లాలి.

అత్త: నేను అల్లితే మిగతావి నా కూతురు అల్లదా?

(ఈ ప్రశ్న బాగా లోతైనది. చేతిపనుల పునరుద్ధరణ అనే పేరుతో జరుగుతున్నదాంట్లో సగం ఇదే చోట కూలబడింది. ‘కొత్త డిజైను’ అంటే ఒకరి ఊహ, వందలమంది వేళ్లు. ఊహ పట్నంలో, వేళ్లు పల్లెలో. 2024లో నరసాపురం క్రోషే లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. సీతారామపురంలోని లేసు కేంద్రం నుంచి పనిచేసే మహిళా సహకార సంఘాల సమాఖ్య దాన్ని సాధించింది, మంచిదే. పశ్చిమ గోదావరి, కోనసీమ జిల్లాల్లో 15,000 మందికి పైగా ఆడవాళ్లకి ఇదే పని అంటారు. కానీ ఆ గుర్తింపు కాపాడేది ప్రాంతం పేరుని. ఫలానా బిళ్లను మొదట ఊహించిన మనిషిని అది ఎరగదు.)

మేనకోడలు: భీమేశ్వరుడి గుడికి రోజూ పోతావు కదా. ఆ స్తంభాల మీద, గోడల మీద శాసనాలు ఎన్నున్నాయో చూశావా? వందల కొద్దీ. స్వామికి అఖండదీపం పెట్టించి, నెయ్యికి గొర్రెల్నో ఆవుల్నో ఇచ్చినవాళ్ల పేర్లు. అందులో ఎంతమంది ఆడవాళ్లు! తొమ్మిది వందల ఏళ్లు దాటినా వాళ్ల పేర్లు చదవొచ్చు. అల్లిన ఆడదాని పేరు మాత్రం ఆ ఏడాది కూడా నిలవదు.

అత్త: పేరు చెక్కించుకున్నది ఇచ్చినవాళ్లు. చెక్కిన ఉలివాడి పేరు చూపించు.

(అత్త మాట పూర్తిగా నిజం కాదు. తెలుగు శాసనాల్లో కొన్నిటి చివర రాసినవాడి పేరో, చెక్కినవాడి పేరో ఉంటుంది. కానీ గెలుపు ఆవిడదే అని ఒప్పుకోవాలి. గొర్రెలిచ్చిన వాళ్ల పేర్లతో పోలిస్తే అవెన్ని?)

మేనకోడలు: అయితే ఆ ఉలివాడి పేరు రాయించే పనే మనం చేద్దాం అంటున్నాను. రూత్ అసావా అనే ఆవిడ గురించి చెప్పనా? జపాను నుంచి వలస వెళ్లిన కుటుంబంలో, అమెరికాలో పుట్టింది. యుద్ధకాలంలో అక్కడి జపాను మూలాలవాళ్లని క్యాంపుల్లో పెట్టారు, ఆవిడనీ పెట్టారు. 1947లో మెక్సికోలో తొలూకా అనే ఊరు వెళ్లింది. అక్కడ కోడిగుడ్లు పెట్టుకోవడానికి తీగతో బుట్టలు అల్లుతారు, కన్నులో కన్ను వేసి. ఆ పనితనం నేర్చుకుని, తిరిగెళ్లి బుట్ట మూతి మూసేసింది. మూసి, దాని లోపల ఇంకొకటి, దాని లోపల మరొకటి. నిలువెత్తు తీగ బొమ్మలు పైకప్పు నుంచి వేలాడతాయి. లోపలిది బయటికి కనపడుతూ ఉంటుంది. మొదట్లో దాన్ని కళ అనడానికి ఇష్టపడలేదు, ఇంట్లో ఆడవాళ్ల పని అన్నారు. ఇప్పుడు అమెరికా తపాలా బిళ్లల మీద ఉన్నాయి ఆవిడ బొమ్మలు.

అత్త: బాగుంది. బుట్ట మూతి మూసెయ్యడం బాగుంది. ఆవిడకి నేర్పిన బుట్టలవాడి పేరేంటి?

మేనకోడలు: తెలియదు.

అత్త: నువ్వు ఆవిడవి అవుదామనుకుంటున్నావు. నేను ఆ బుట్టలవాణ్ణి.

మేనకోడలు: అంత మాటనకత్తా.

అత్త: నిష్టూరం కాదే. ఉన్న మాట. నువ్వు నా దగ్గర నేర్చుకునే కదా సూది పట్టావు. ఆ శిబిరంలో ఎవరి దగ్గర నేర్చుకున్నావని అడిగితే ఏం చెప్పావు?

మేనకోడలు: మా మేనత్త దగ్గర అన్నాను.

అత్త: పేరు చెప్పావా?

మేనకోడలు: ...చెప్పలేదు.

(ఇక్కడ ఆ పిల్ల మీద జాలిపడేవాళ్లు ఉంటారు. నేను పడను. తెలుగు ఇళ్లలో విద్య నేర్పినవాళ్లకి వరస ఉంటుంది, పేరు ఉండదు. అమ్మ, అత్త, పిన్ని. ఆ అలవాటునే బయటి లోకం వాడుకుంది.)

మేనకోడలు: మన దేశంలో మృణాళినీ ముఖర్జీ ఉంది. జనపనార ముళ్లు వేసి మనిషంత ఎత్తు యక్షుల్ని, వనదేవతల్ని కట్టింది. ముందు బొమ్మ గీసుకునేది కాదు, ముడి మీద ముడి వేసుకుంటూ పోయేది. ఆమె పోయాక, 2019లో న్యూయార్కులోని ఒక మ్యూజియంలో పెద్ద ప్రదర్శన జరిగింది. ముడంటే మనకి తెలియంది ఏముంది? ఉట్టి మనది, నులక మంచం మనది, వల మనది, వైరు బుట్ట మనది. కోనసీమంతా కొబ్బరి పీచు. అందుకే శిబిరం ఇక్కడ పెడదామంటున్నా. నేను వెళ్లిన చోట ఉన్ని కూడా తెప్పించారు, విదేశాల నుంచి. ఇక్కడ మనకి చేతికందేది పీచే.

అత్త: పీచుతో నేను అల్లను.

మేనకోడలు: ఎందుకు?

అత్త: వేళ్లు. చూడు ఇవి. అంట్లు తోమాక కూడా కొబ్బరి నూనె రాసుకునేదాన్ని, ఎందుకనుకున్నావు? వేలి కొస గరుకెక్కితే సన్న దారం పట్టుకుని లాగేస్తది, పోగు లేస్తది. పసుపు చేత్తో ముట్టుకుంటే మరక. చెమట పడితే నలుపు. పీచు తాడుతో నీ రెండు రోజుల సరదా అయ్యాక, నెలరోజులు నా వేళ్లకి 60 నంబరు సన్న దారం ఆగదు. నీ శిబిరంలో ఎవరికన్నా వేళ్ల మీద తిండి ఉందా?

మేనకోడలు: ఇది నాకు తట్టలేదు.

అత్త: తట్టదు. పీచు తాడు పేనేవాళ్లని పిలు పీచుకి. వాళ్ల చేతులు దానికి అలవాటు పడి ఉంటాయి. వల అల్లేవాణ్ణి యానాం వైపు నుంచి పిలు. వాడి ముడి వాడికుంది, చెక్క బద్ద పెట్టి ఎంత గబగబా వేస్తాడో చూశావా? నాకు నూలే ఇవ్వు. సన్నదివ్వు. అందరూ లావుపాటి తాళ్లతో పెద్ద పెద్దవి చేస్తే ప్రయోగం అంటారు, కంటికి కనపడనంత చిన్నది చేస్తే ఎందుకు అనరు?

మేనకోడలు: అత్తా, నువ్వు అప్పుడే శిబిరం నడిపేస్తున్నావు.

అత్త: నడపట్లేదు. తగువులాడుతున్నాను. ఇంకోటి, ఆ విప్పకూడదనే నియమం తీసెయ్యి.

మేనకోడలు: అదే అసలు నియమం. విప్పొచ్చు అంటే అందరూ భయపడి, చక్కగా వచ్చేదాకా విప్పుతూనే ఉంటారు. కొత్తది పుట్టదు.

అత్త: విప్పడం నీకు శిక్షలా కనపడుతోంది. నాకు కూలి పోద్దని బాధ గానీ, విప్పడం మీద కోపం లేదు. ఎవరిదో బిళ్ల చేతికిస్తే, వెలుతురుకి పెట్టినా అంతు చిక్కకపోతే ఏం చేస్తాం? కొస పట్టుకుని ఒక్కో కన్నూ విప్పుకుంటూ వస్తాం. ఎక్కడ తిరిగింది, ఎక్కడ దాటేసింది, ఎక్కడ రెండు పోట్లు పడ్డాయి, అన్నీ వెనక నుంచి ముందుకి తెలుస్తాయి. అల్లేటప్పుడు దొంగతనం కుదురుద్ది, విప్పేటప్పుడు కుదరదు. మీ పీత డిప్పని నాకివ్వు, విప్పి ఎవరు ఎక్కడ అల్లారో చెబుతాను. బిగువు ఒక్కొక్కళ్లది ఒక్కోలా ఉంటది.

మేనకోడలు: నిజంగానా?

అత్త: మా ఇంట్లో నలుగురం ఒకే నమూనా అల్లితే అమ్మ చూసి ఇది నీది, ఇది దానిది అని చెప్పేసేది. ఏజెంటుకి ఒకేలా ఉండాలి, అమ్మకి నాలుగు రకాలు. నువ్వు పేరు పేరు అంటున్నావు గానీ, పేరు ఆ బిగువులోనే ఉంది. చదివేవాళ్లు కావాలి.

(ఇద్దరిలో ఎవరు నెగ్గారని అడిగితే, ఈ నియమం దగ్గర నేను అత్త వైపు. విప్పకుండా ముందుకే వెళ్లడం ధైర్యమే. కానీ దారం ఎవరిదో తేలితే గానీ అది ఎవరి ధైర్యమో తెలియదు. నమూనాల దగ్గర మేనకోడలి వైపు: పాత పూలనే పట్టుకుని కూర్చుంటే చవక మిషను లేసు ముందు నిలబడటం కష్టం.)

మేనకోడలు: సరే. మధ్యాహ్నం దాకా విప్పకూడదు, మధ్యాహ్నం నుంచి విప్పడమే పని. నువ్వు విప్పి చూపిస్తావు. ఒప్పుకుంటావా?

అత్త: కూలి?

మేనకోడలు: ఫీజు తీసుకోను నీ దగ్గర.

అత్త: ఫీజు తీసుకోకపోవడం కూలి ఇచ్చినట్టా? ఆ రెండు రోజులూ నేను అల్లే పని ఆగుద్ది. పట్నం నుంచి వచ్చేవాళ్లు ఫీజు కడతారుగా, అందులోంచి మాకు రోజు కూలి ఇవ్వు. పొలం పనికి పోయే ఆడమనిషికి ఎంతిస్తున్నారో కనుక్కుని, దానికి తక్కువ కాకుండా. నాకొక్కదానికే కాదు, పీచు పేనే ఆవిడకీ, వలవాడికీ. పాడైన దారం ఖర్చు శిబిరానిది.

మేనకోడలు: అది కుదురుతుంది. ఇంకా?

అత్త: చేతులు మారి అల్లినవి ఉన్నాయి కదా, పదిమంది పది వరసలు వేసింది. అది ఎవరైనా కొంటే డబ్బెవరిది?

మేనకోడలు: అమ్మం అనుకున్నాం కదా.

అత్త: ఇప్పుడు అమ్మవు. మూడేళ్లు పోయాక దాన్ని చూసి ఎవడో అలాంటి దీపం తొడుగులు 500 కావాలంటాడు. అప్పుడు ఆ మొదటిది ఎవరిదని అడిగితే? శిబిరం నీది కాబట్టి నీదంటారు.

మేనకోడలు: వరసల లెక్కన పంచితే?

అత్త: వలవాడు వేసిన పది వరసలకి గంట పడితే, నేను వేసినవాటికి ఆరు గంటలు పడతది. వరసకి ఎంత, గంటకి ఎంత?

మేనకోడలు: గంటకి అనుకుందాం. కానీ మెలిక తిప్పాలని మొదట అనుకున్నది వలవాడైతే? దానికి గంట పట్టదు కదా, ఒక్క క్షణం.

అత్త: అదీ రాయి మరి. క్షణానికి ఎంతో, గంటకి ఎంతో. కూర్చుని కాగితం మీద పెట్టుకురా, పదిమందికీ చదివి వినిపించు, వేలిముద్రలు కాదు, సంతకాలు తీసుకో. తెలుగులో రాయి, ఇంగ్లీషులో రాస్తే నేను పెట్టను. అప్పుడు చెబుతాను వచ్చేదీ రానిదీ.